గైడు కథ చెప్పొచ్చు, కానీ కథ అని చెప్పాలి

గ్రీసు టూరు నుంచి తిరిగొచ్చాక కూడా మా బస్సు వాళ్ళ వాట్సాప్ గ్రూపు మూతపడలేదు. మొదట ఫొటోలు, తర్వాత గుడ్ మార్నింగులు, ఆ తర్వాత ఒక తగాదా. ఎపిడారస్ ప్రాచీన నాటకశాలలో గైడు నడిమధ్య నిలబడి నాణెం జారవిడిస్తే పైవరసల దాకా ఖంగుమన్న వీడియో ఒకాయన పెట్టాడు. అక్కడ అగ్గిపుల్ల గీసినా, గుసగుసలాడినా పైదాకా వినిపిస్తుందని గైడుల మాట. కాసేపటికే మరొకాయన ఒక వార్త పంపాడు. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ టెక్నాలజీ యూనివర్సిటీ పరిశోధకులు అదే చోట మైకులు పెట్టి వేల కొలతలు తీశారు. నాణెం చప్పుడు పైదాకా వస్తుంది గానీ, అది నాణెమని పోల్చుకోగలిగేది సగం మెట్ల వరకేనని తేల్చారు. అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే ఇంకా కష్టం. గుసగుస ముందువరస వాళ్ళకే అర్థమవుతుంది. "మొత్తానికి గైడమ్మ మన చెవుల్లో పూలు పెట్టిందన్నమాట" అని ఆయన తీర్పు. "నా చెవులతో నేను విన్నానండీ" అని మొదటాయన. అక్కణ్ణుంచి ఇద్దరూ తగ్గలేదు.

నేను గ్రూపులో నోరెత్తలేదు. చెప్పాల్సింది ఒక మెసేజీలో పట్టేది కాదు, పైగా ఇద్దరికీ నచ్చేది కాదు. నా మాట ఇదీ: గైడు కథలు చెప్పాల్సిందే. కథ లేకపోతే ఆ రాళ్ళ కోసం అంత దూరం పోనక్కర్లేదు. కానీ కథని కథ అని చెప్పకుండా దాటేస్తే, అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు నమ్మారు, ఎవరు నవ్వారు అన్న సంగతంతా మనకి దక్కకుండా పోతుంది. నాకైతే ఆ సంగతే ఎక్కువ రుచి.

ఏథెన్స్‌లో పొద్దున్నే బస్సెక్కి, కొరింత్ కాలువ దగ్గర ఫొటోలకి ఆగి, మైసీనే, ఎపిడారస్ చూసుకుని, సాయంత్రానికి నాఫ్‌ప్లియో సముద్రపొడ్డుకి చేరే ఆ రూటు టూరు వాళ్ళందరిదీ ఒకటే. ఆ దారి పొడుగునా నేను గమనించిందేమిటంటే, ముఖ్యమైన ప్రతి చోటా ఒక పేరు తప్పు, లేకపోతే ఒక లెక్క తప్పు. గ్రీకు పురాణాల్లో మైసీనే రాజైన అగామెమ్నాన్ ముసుగు అగామెమ్నాన్‌ది కాదు. అతని తండ్రి అత్రియస్ ఖజానా ఖజానా కాదు. నాఫ్‌ప్లియో కోటకి చెప్పే 999 మెట్లు 999 కాదు. అయినా అన్నీ అదే పేర్లతో బోర్డులెక్కి, టిక్కెట్లెక్కి, ఫ్రిజ్ మేగ్నెట్లెక్కి కూర్చున్నాయి.

కూతుర్ని బలిచ్చినవాడికి హారతా?

మైసీనేలో మా గైడు మమ్మల్ని సింహద్వారం ఎదురుగా నిలబెట్టింది. క్రీ.పూ. 1250 ప్రాంతంలో కట్టిన ద్వారం. పైన అడ్డంగా పెట్టిన దూలం రాయి ఒక్కటే 20 టన్నుల దాకా ఉంటుందని అంచనా. దాని మీద పెద్ద ముక్కోణపు పలక, మధ్యలో స్తంభం, పీఠం మీద ముంగాళ్ళు ఆనించి చెరోవైపు నిలబడ్డ సింహాలు. వాటికి తలల్లేవు. తలలు విడిగా చేసి అతికించారు, అవి ఎప్పుడో పోయాయి. మెడల దగ్గర వాటిని బిగించిన బెజ్జాలు మాత్రం మిగిలాయి.

మాతో వచ్చినవాళ్ళలో తెనాలి పిన్నిగారు ఒకావిడ ఉన్నారు. ఎవరికి పిన్నో తెలీదు, బస్సంతా అలాగే పిలిచేది. అప్పటిదాకా ఆవిడ గొడుగు కింద నిలబడి, "రాళ్ళు చూడ్డానికి ఇంత డబ్బు పోశామా, మా అమరావతిలో లేవా రాళ్ళు" అంటున్నారు. గైడు కథ ఎత్తుకుంది. ట్రాయ్ మీదికి వెళ్ళాల్సిన ఓడలకి గాలి తోలకపోతే, అగామెమ్నాన్ తన కూతురు ఇఫిజీనియాని బలిచ్చాడు. పదేళ్ళ యుద్ధం గెలిచి ఈ ద్వారంలోంచే ఇంటికొచ్చాడు. భార్య క్లైటెమ్నెస్ట్రా ప్రియుడితో కలిసి అతన్ని చంపేసింది. ఆ ఇంగ్లీషుని టూర్ మేనేజర్ కుర్రాడు పిన్నిగారి చెవిలో తెలుగులోకి దించుతున్నాడు. గ్రీసులో లైసెన్సున్న గైడు తప్ప మరెవరూ ఇలాంటి చోట్ల వివరించకూడదు కాబట్టి పాపం దొంగచాటుగానే.

పిన్నిగారు గొడుగు మడిచారు. "కన్నకూతుర్ని చంపుకున్నవాడు ఇంటికొస్తే హారతి పడుతుందా? మంచి పని చేసింది."

"ఎంతయినా మొగుడు కదండీ" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"ఆ పిల్లకి తండ్రి కాదూ?"

అంతే. రాతి దారెక్కి పైన రాజభవనం పునాదుల దాకా అదే చర్చ. క్లైటెమ్నెస్ట్రాకి ప్రియుడు ఉండటం వల్ల కేసు బలహీనపడుతుందా లేదా అన్నదాని మీద మా బస్సు రెండుగా చీలింది. పైన ఎర్ర గచ్చు వేసిన చిన్న గది ఒకటుంది. అగామెమ్నాన్ హతమైన స్నానాల గది అదేనని చెప్పడం అక్కడి ఆనవాయితీ. మోకాళ్ళ నొప్పులని కిందే ఆగిపోదామనుకున్న పిన్నిగారు అది చూడ్డానికి పైదాకా ఎక్కారు. కథ చేసే పని ఇదీ. తేదీలు చెప్పి, గోడ మందం చెప్పి, సున్నపురాయి రకం చెప్పి ఆవిణ్ణి ఎవరూ ఆ కొండ ఎక్కించలేరు.

ఇక నిజం సంగతి. 1876లో హైన్రిష్ ష్లీమన్ అనే జర్మన్ పురావస్తు పరిశోధకుడు ఆ ద్వారం లోపలే తవ్వి, బంగారంతో కప్పిన శవాలున్న సమాధులు బయటపెట్టాడు. గ్రీసు రాజుకి తంతి కొట్టాడు: ఇవి అగామెమ్నాన్, అతను ట్రాయ్ నుంచి తెచ్చుకున్న రాకుమారి కసాండ్రా, వాళ్ళ తోటివాళ్ళ సమాధులేనని. "అగామెమ్నాన్ ముఖాన్ని కళ్ళారా చూశాను" అని తంతిలో రాశాడనే ప్రసిద్ధమైన మాట ఒకటుంది, అది ఆయన నోటికి తర్వాత అంటించినది. ఏథెన్స్ జాతీయ మ్యూజియంలో మనం గుమిగూడి ఫొటోలు తీసుకునే ఆ బంగారు ముసుగు క్రీ.పూ. 16వ శతాబ్దానిది. ట్రాయ్ యుద్ధమంటూ జరిగి ఉంటే అది ఈ ముసుగుకి సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాతి మాట. సింహద్వారం కట్టేనాటికే ఆ సమాధులు పాతబడిపోయాయి. కోట గోడని పెంచేటప్పుడు ఆ సమాధుల్ని లోపలికి కలుపుకుని, చుట్టూ రాతి పలకల వలయం కట్టి గౌరవించారు. అంటే మూడు వేల ఏళ్ళకి ముందే ఆ ఊరివాళ్ళకి పూర్వీకులుండేవారు, వాళ్ళ గురించి కథలుండేవి. ముసుగు ఎవరిదన్న ప్రశ్న కంటే నన్ను ఎక్కువ పట్టుకున్న సంగతి ఇది. గైడు దీన్ని చెప్పలేదు.

కొండ కింద అత్రియస్ ఖజానా అనేది కూడా సమాధే. తేనెపట్టు గూడులా లోపలికి వంగుతూ పోయే కప్పు, ఎత్తు 13 మీటర్ల పైన. గుమ్మం మీది రాయి 120 టన్నుల పైమాటని లెక్క. దానికి ఖజానా అనే పేరు ఇవాళ్టి గైడులు పెట్టింది కాదు. క్రీ.శ. రెండో శతాబ్దంలో పౌసేనియస్ అనే యాత్రికుడు ఇక్కడికొచ్చి, అత్రియస్, అతని కొడుకులు ధనం దాచుకున్న నేలమాళిగలు ఉన్నాయని రాసుకున్నాడు. ఆయనకి ఎవరు చెప్పి ఉంటారు? ఆ ఊళ్ళో చూపించేవాళ్ళే. గోడ లోపల అగామెమ్నాన్ సమాధి ఉందని రాసిందీ ఆయనే, ఆ మాట పట్టుకునే ష్లీమన్ గోడ లోపల గునపం వేశాడు. మిగతా పండితులు సమాధులు బయట ఉంటాయనుకున్నారు. స్థలపురాణం పేరు తప్పు చెప్పింది, చోటు సరిగ్గా చెప్పింది.

బస్సులో నేను పిన్నిగారికి మూడు వందల ఏళ్ళ తేడా సంగతి చెప్పాను. ఆవిడ ఉసూరుమంటారని కొంచెం భయపడ్డాను కూడా. "అయితే ఇంకో రాజు. అతనికీ పెళ్ళాం ఉండే ఉంటుంది" అని చిప్స్ పొట్లం విప్పారు.

నిజం చెబితే కథ చచ్చిపోతుందని గైడులకి ఎందుకో భయం. మనవాళ్ళ విషయంలో ఆ భయం అసలు అక్కర్లేదు. భీముడు వంట చేసిన రాయి, సీతమ్మ చీర ఆరేసిన బండ అని ఊరూరా విని పెరిగినవాళ్ళం. ఒకే సీతమ్మ ఇన్ని ఊళ్ళలో చీరలెలా ఆరేసిందని ఎవరూ దెబ్బలాడరు, అలాగని పాఠ్యపుస్తకంలో అచ్చు వేయమనీ అడగరు. దణ్ణం పెట్టుకుని, కాస్త నవ్వుకుని ముందుకెళతాం. అలాంటి జనాన్ని పట్టుకుని, వీళ్ళకి కథ ఒక్కటే కావాలి, సందేహం తట్టుకోలేరు అనుకోవడం చిన్నచూపు.

వెండి పంది

ఎపిడారస్ దగ్గర నాకు అసలు కోపం వచ్చింది. నాణెం గురించి కాదు. నాణెం వేసినప్పుడు నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను, స్పష్టంగానే విన్నాను. మా హైదరాబాదు బ్యాచీ వెంటనే కిందికి దిగి చప్పట్లు మొదలుపెట్టింది, గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర నేర్చుకున్న విద్య అది. ఒక ఫ్రెంచి గుంపు ఎవరో పాట అందుకోబోయి, మా చప్పట్లు ఆగేదాకా మర్యాదగా నిలబడింది.

ఆ నాటకశాల ధ్వని మహిమ అబద్ధమేమీ కాదు. మెట్లెక్కినట్టు పైకి పోయే సున్నపురాతి వరసలు గుంపు రొదలాంటి మంద్ర ధ్వనుల్ని తగ్గించి, గొంతులోని పదును పైకి పంపుతాయని 2007లో జార్జియా టెక్ పరిశోధకులు వివరించారు. ఐండ్‌హోవెన్ వాళ్ళు కూడా, నటుడు గొంతెత్తి మాట్లాడితే చివరి వరసలకి మాట అందుతుందనే చెప్పారు. దాదాపు పద్నాలుగు వేల మంది పట్టే చోట మైకు లేకుండా అది తక్కువ సంగతా? అగ్గిపుల్ల కథ తీసేసినా మహిమకి లోటు లేదు. పైగా అప్పట్లో రంగం వెనక రెండంతస్తుల కట్టడం ఉండేది, ఇప్పుడు పునాదులే మిగిలాయి. మనం వింటున్నది వాళ్ళు విన్నదే అనడానికి లేదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి గైడుకి ఒక నిమిషం చాలు.

నా కోపమల్లా నాటకశాల దగ్గర నాణేలకీ, ఫొటోలకీ టైమంతా పోయి, పక్కనే నాలుగడుగుల్లో ఉన్న అస్క్లెపియస్ క్షేత్రానికి మమ్మల్ని తీసుకెళ్ళకపోవడం గురించి. నాటకశాల పుట్టిందే ఆ వైద్యదేవుడి గుడికి వచ్చే జనం కోసం. రోగులు అక్కడ ఒక పొడుగాటి వసారాలో రాత్రి నిద్ర చేసేవాళ్ళు. కలలో దేవుడు వచ్చి మందో మాటో ఇచ్చేవాడు, కొన్నిసార్లు పాము వచ్చి నాకి నయం చేసేది. గుడి నిద్రలెరిగిన మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. గుంపు ఐస్‌క్రీము బండి దగ్గర ఆగినప్పుడు నేను పక్కనున్న చిన్న మ్యూజియంలోకి దూరాను. నయమైన రోగుల వృత్తాంతాలు చెక్కిన రాతి ఫలకాలు అక్కడున్నాయి. అక్షరాలు చిన్నవి, వరస తప్పకుండా, రాయంతా నిండిపోయి ఉన్నాయి. పౌసేనియస్ వచ్చేనాటికి అలాంటివి ఆరు మిగిలి ఉండేవట.

వాటిలో ఒకటి అంబ్రోసియా అనే ఏథెన్స్ ఆవిడది. ఒక కన్ను కనపడదు. గుడికి వచ్చి, ఆవరణలో తిరుగుతూ, కుంటివాళ్ళూ గుడ్డివాళ్ళూ కల కన్నంత మాత్రాన బాగైపోయారని రాసి ఉన్నవి చదివి నవ్వుకుంది. ఇవన్నీ జరిగే పనులేనా అంది. ఆ రాత్రి కలలో దేవుడు కనపడి, కన్ను బాగుచేస్తాను గానీ, నీ అజ్ఞానానికి గుర్తుగా గుళ్ళో వెండి పందిని సమర్పించు అన్నాడు. కన్ను కోసి మందు పోశాడు. తెల్లారేసరికి చూపు వచ్చింది. వెండి కళ్ళు మొక్కుకునే మనవాళ్ళకి ఈ వెండి పంది గురించి వింటే ఎంత సంబరంగా ఉంటుందో ఆలోచించండి.

ఆ ఫలకం రాసిన పూజారులు తెలివైనవాళ్ళు. సందేహించినవాళ్ళని దాచలేదు, వాళ్ళని కూడా కథలో చేర్చుకున్నారు. చేసిన పని ప్రచారమే, అందులో అనుమానం లేదు. ఎవరు నవ్వినా చివరికి దేవుడిదే గెలుపు. అయినా గుడి గోడ మీద నాలుగో శతాబ్దం నాటి ఒక ఆడమనిషి పెదవి విరుపు నిలిచిపోయింది. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలో గుడివాళ్ళకి ఉన్న ధైర్యం ఇవాళ టూరు కంపెనీలకి లేకపోవడమేమిటని నా బాధ.

మా టూర్ మేనేజర్‌తో ఈ మాటంటే, "సార్, నలభై మంది, అందులో సగం మందికి బీపీ, షుగరు. ఎండలో గంట దాటితే నాకు టెన్షన్. కథ చెబితేనే నిలబడతారు, చర్చ పెడితే బాత్రూమ్ ఎక్కడని అడుగుతారు" అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. అందరూ వ్యాసాలు చదవడానికి టూరుకి రారు. పిల్లల్ని పెంచి, ఇల్లు కట్టి, రిటైరై మొదటిసారి ఊరు దాటినవాళ్ళు ఉంటారు. వాళ్ళకి సముద్రం చూడాలి, నాలుగు ఫొటోలు కావాలి, రాత్రికి పెరుగన్నం దొరకాలి. నేనూ ఆ పెరుగన్నం తిన్నవాణ్ణే. కానీ వెండి పందికి ఎండలో గంట అక్కర్లేదు, బస్సులో ఏసీ కింద మూడు నిమిషాలు చాలు. మా బస్సులో ఆ మూడు నిమిషాలు అంత్యాక్షరికి పోయాయి.

నాఫ్‌ప్లియోలో చెప్పనిది

ఇంతవరకు కథల్ని వెనకేసుకొచ్చాను. నాఫ్‌ప్లియోలో నాకు కొంచెం తడబాటు వచ్చింది.

ఊరు మాత్రం ముచ్చటైన ఊరు. పాలరాతి పలకలు పరిచిన సింటాగ్మా చౌకు, బాల్కనీల నుంచి వేలాడే కాగితం పూలు, రేవుకి ఎదురుగా నీళ్ళలో బుర్ట్సీ కోట. ఆ కోటలో ఒకప్పుడు తలారులు కాపురముండేవారు. పాలమీడి కోట జైల్లో మరణశిక్షలు అమలు చేసే వాళ్ళని ఊళ్ళోవాళ్ళు ఊళ్ళో ఉండనిచ్చేవారు కాదు. తర్వాత అదే కోట కొన్నేళ్ళు హోటలైంది. అన్నం కూరి కాల్చిన టమాటాలు తిన్నాను, మా బస్సులో శాకాహారులందరూ ఆ పూట బతికిపోయారు.

పాలమీడి కోటకి 999 మెట్లంటారు. వెయ్యోది గ్రీకు విప్లవ సేనాని కొలొకోత్రోనిస్ గుర్రం డెక్క తగిలి విరిగిందని కథ. అసలు లెక్క అంతకంటే తక్కువే, ఎవరు లెక్కపెట్టినా ఇంకొకరితో కలవదు. ఇలాంటి కథతో ఎవరికీ నష్టం లేదు. బంగాళాదుంప కథ ఇంకా బాగుంటుంది. స్వతంత్ర గ్రీసు తొలి పాలకుడు కపోడిస్ట్రియాస్ బంగాళాదుంపలు తెప్పిస్తే రైతులు ముట్టలేదట. రేవులో కుప్ప పోయించి కాపలా పెట్టించాడట, కాపలా ఉందంటే విలువైన సరుకే అనుకుని జనం దొంగిలించుకుపోయారట. ఇదే కథ యూరప్‌లో వేరే రాజుల మీద కూడా చెబుతారు. ఆయన్ని 1831లో సెయింట్ స్పిరిడాన్ చర్చి గుమ్మంలో మావ్రోమిఖాలిస్ వంశం వాళ్ళు కాల్చి, పొడిచి చంపారు. గుమ్మం పక్కన తూటా గుర్తు అని అద్దం బిగించి చూపిస్తారు. మా గుంపు వరసగా వేలు పెట్టి చూపిస్తూ ఫొటోలు దిగింది.

అయితే సింటాగ్మా చౌకులో ఒక పాత మసీదు ఉంది, ఇప్పుడది నాటకాలూ సినిమాలూ వేసే హాలు. దగ్గర్లోనే ఇంకో మసీదు ఉంది, గ్రీకుల తొలి పార్లమెంటు అందులోనే కూర్చుంది. గైడు మొదటిదాన్ని "పాత సినిమా హాలు" అంది, రెండోదాన్ని "పార్లమెంటు" అంది. రెండూ నిజాలే. ఈ ఊరు 1540 నుంచి 1686 దాకా, మళ్ళీ 1715 నుంచి 1822 దాకా ఒట్టోమన్ తుర్కుల చేతిలో ఉంది. పాలమీడిని వెనీస్ వాళ్ళు 1711-14 మధ్య కట్టి, ఏడాది తిరక్కుండానే పోగొట్టుకున్నారు. 1822లో కోట గ్రీకుల చేతికొచ్చాక ఊళ్ళోని ముస్లిములు ఓడలెక్కి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ మసీదుల్లో నమాజు చేసినవాళ్ళ గురించి గైడు ఒక్క ముక్క మాట్లాడలేదు. అగామెమ్నాన్ నుంచి ఒక్క గెంతులో, ఒట్టోమన్ల మీద గ్రీకులు తిరగబడ్డ 1821 విప్లవంలోకి దూకింది.

ముసుగు అగామెమ్నాన్‌దని చెప్పడం కంటే ఈ మౌనం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అబద్ధం చెబితే ఎవరో ఒకరు వార్త వెతికి వాట్సాప్‌లో పెడతారు. చెప్పకుండా వదిలేసినదాన్ని ఎవరు వెతుకుతారు? మనవైపు కోటల్లో, గుళ్ళలో గైడులు దాటేసే శతాబ్దాలు గుర్తొచ్చి, ఈవిణ్ణి మాత్రమే నిలదీయడం న్యాయం కాదనిపించింది. అయినా అడిగాను.

బస్సెక్కే ముందు రేవు దగ్గర ఆవిడ కాఫీ తాగుతోంది. ముసుగు గురించి, మసీదు గురించి అడిగాను. విసుక్కోలేదు. ముసుగు పాతదని ప్రతి గైడుకీ తెలుసంది, లైసెన్సు చదువులో అవన్నీ ఉంటాయంది. మసీదు గురించి నాకు తెలిసినదానికంటే చాలా ఎక్కువ చెప్పింది, ఏ గోడ ఏ కాలంలో మారిందో వేలు పెట్టి చూపించింది. మరి ఇవన్నీ అందరికీ ఎందుకు చెప్పలేదంటే, "తెలియదు, ఖాయంగా చెప్పలేం, రెండు వాదనలున్నాయి అని అన్న రోజున నాకు రివ్యూలు తగ్గుతాయి. గైడుకి సబ్జెక్టు రాదని రాస్తారు" అంది.

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. తెలియదని చెప్పే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళని జాతి మనది. కథల్ని నిజాలుగా అమ్మేది గైడులైతే, అలాగే కావాలని కొనేది మనమే. వాట్సాప్‌లో చెవుల్లో పూలన్న పెద్దమనిషి కూడా, ఆవిడ నాణెం వేయకుండా కొలతలు చెప్పి ఉంటే, గైడు పరమ బోరు అని రాసి ఉండేవాడని నా అనుమానం.

టూరు కంపెనీ ఫీడ్‌బ్యాక్ ఫారంలో గైడు పక్కన అయిదు నక్షత్రాలూ నొక్కాను. కింద ఖాళీ పెట్టెలో, ఈవిడ "ఖాయంగా తెలియదు" అని చెప్పిన సంగతులు నాకు అన్నిటికంటే నచ్చాయని, వచ్చే బ్యాచీకి వాటిని కాఫీ దగ్గర కాకుండా బస్సు మైకులోనే చెప్పించమని, ఎపిడారస్‌లో అస్క్లెపియస్ గుడికి అరగంట కేటాయించమని రాశాను. అక్షరాల పరిమితి దాటిందని ఫారం ఒప్పుకోలేదు. మైకు ముక్క తీసేసి, అరగంట ముక్క ఉంచి పంపాను.